ముందు వరుస నుంచి తలుపు దాకా

రెక్కల మీది పంకాలు తిరగడం మానాలి. తోక పక్క తలుపు తన మెట్లతో సహా కిందికి వాలాలి. లోపలున్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ ఒక్కొక్కరే దిగాలి. ఆఖరి మనిషి కాలు నేల మీద పడిందో లేదో, భాగ్యమ్మ చేతులకు రబ్బరు తొడుగులు బిగించుకుని మెట్లెక్కేసింది. వెనకాలే కనీజ్, ఆ వెనక రేఖ.

ముగ్గురూ ఎక్కడా ఆగకుండా నేరుగా ముందు వరుసకు పోయారు. పాలపిట్ట కంపెనీ విమానాలు చిన్నవి. జనం ఎక్కేదీ దిగేదీ తోక దగ్గర ఉన్న ఆ ఒక్క తలుపు నుంచే. అందుకని పని ముందు నుంచి మొదలై తలుపు దగ్గర ముగియాలి. కుడి సీట్లు భాగ్యమ్మవి, ఎడమ సీట్లు కనీజ్‌వి, మధ్యన చెత్తసంచి పట్టుకుని రేఖ. సీటు జేబులో చెయ్యి, సీటు కింద చూపు, బల్ల మీద గుడ్డ. చివరికి బెల్టు కొసలు రెండూ సీటు మీద ఒకదానిపై ఒకటి అడ్డంగా పెడితే ఆ సీటు అయిపోయినట్టు లెక్క. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కనీజ్ నోరు దాని పని అది చేసుకుపోతుంది.

“బీదర్ పబ్లిక్ అక్కా. పల్లీలు తిన్నరు గని పొట్టు కాయితంల చుట్టి పెట్టిండ్రు. తమీజ్ ఉన్నోళ్ళు.”

“కడపోళ్ళ కన్న నయమే,” అంది రేఖ.

“కడపోళ్ళు యాడున్నరే ఇగ? అందరు ఆ పసుపుదాంట్ల పోతున్నరు గద. షాద్‌నగర్ బస్సు ఎక్కినట్టు ఎక్కుతున్నరు.”

ఆ పసుపుది పక్కనే నిలబడి ఉంది. ఝట్‌పట్ అనే కొత్త కంపెనీ విమానం. ఆకారంలో పాలపిట్టకు తోబుట్టువులాగే ఉంటుంది, ఒంటి రంగే వేరు. పాలపిట్ట ఇక్కడే శంషాబాద్‌లో పుట్టిన కంపెనీ. కడపకీ బీదర్‌కీ నాందేడ్‌కీ ఇన్నాళ్ళూ అదొక్కటే పోయేది. ఝట్‌పట్ వచ్చి నెల తిరగకముందే టికెట్టు ధర సగానికి సగం కోసేసింది. ఇంటి పిట్టకు ఇంట్లోనే గింజలు లేకుండా పోయాయి.

భాగ్యమ్మ మెట్లు దిగుతూ ఆ పసుపు విమానం గుండ్రటి కిటికీల వైపు అలవాటుగా చూసింది. ఆమె కోడలు శిరీష అందులో ఎయిర్ హోస్టెస్. కంపెనీ చూస్తే పగది, పిల్ల చూస్తే తనది. తిట్టాలో మురవాలో భాగ్యమ్మకు ఇంకా తేలలేదు.

కింద సూపర్‌వైజరు రాఘవేందర్ నిలబడి ఉన్నాడు. మామూలుగా మెట్ల మీదే తొందరపెట్టే మనిషి, ఆ రోజు వాకీటాకీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

“ఒక ముచ్చట చెప్పాలె. కోపానికి రాకుండ్రి,” అన్నాడు. “మన బండ్లు సగం ఖాళీగ పోతున్నయ్, మీరే చూస్తున్నరు. ఆ ఝట్‌పట్‌ల సాఫ్ చేసేటోళ్ళే లేరు. వాళ్ళ హోస్టెస్‌లే చేస్కుంటరు. ఒకటో తారీఖు సంది మనకాడ గూడ గట్లనే చేద్దమంటున్నరు పెద్దసార్లు.”

“మరి మేము?” అంది రేఖ.

“మీరు... జర ఆ పిల్లలకు పని నేర్పాలె.”

కనీజ్ పకపకా నవ్వింది. “వాహ్! మా గోరి మేమే తవ్వాల్నా సార్? పార మీరిస్తరా, ఇంటికాడికెళ్ళి తెచ్చుకోవాల్నా?”

రాఘవేందర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఎల్లుండి పరీక్ష పెడ్తరు. మేనేజర్ సార్ వచ్చి నిలబడతడు. ప్యాసింజర్ల బస్సు వచ్చేలోపల ఆ పిల్లలు సాఫ్ చేస్తే మీ కొలువులు పోతయ్. చెయ్యకుంటే మీరే ఉంటరు.” వాకీటాకీ బెల్టుకు తగిలించుకున్నాడు. “నేర్పుమన్నరు. మంచిగ నేర్పుమని ఎవలనలే. మీరు లేకుంటే మీ మీద నేనెందుకమ్మా? నాకూ పిల్లలున్నరు.”

రేఖ, కనీజ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భాగ్యమ్మ మాత్రం పసుపు విమానం వైపు తిరిగింది. కొలువు పోవడం కన్నా ముందు ఆమె మనసుకు తగిలింది వేరే మాట. వాళ్ళ హోస్టెస్‌లే చేస్కుంటరు. వారం కిందట అన్నం కలుపుకుంటూ తనే అడిగింది, మీ విమానం ఎవలు ఊడుస్తరే అని. శిరీష తల ఎత్తకుండా చెప్పింది: “దానికి మనుషులుంటరు అత్తమ్మా. మేము ముట్టనే ముట్టం.”

భాగ్యమ్మ వాళ్ళుండే రాళ్ళగూడ మొదట్లో, కిరాణా దుకాణం పక్కన, శిరీష ఫ్లెక్సీ కట్టి ఉంది. వాడకట్టు పిల్లలు చందాలేసుకుని కట్టారు. పసుపు కోటులో శిరీష రెండు చేతులూ జోడించి నవ్వుతుంటుంది. వెనక ఆకాశం, మబ్బులు. పై వరుసలో వినాయకుడి మంటపం కమిటీ వాళ్ళ ఫోటోలు ఆమెకన్నా పెద్దవిగా ఉంటాయి. మొన్న ఆదివారం కుర్చీలు వేసి శాలువా కూడా కప్పారు. టెంటుహౌసువాడు ఆ కుర్చీలు ఇంకా తీసుకుపోలేదు. భాగ్యమ్మ ఇంటి ముందు గోడకు ఆనించి ఉన్నాయి.

ఆ సాయంత్రం భాగ్యమ్మ ఇంట్లో ఏమీ చెప్పలేదు. శిరీష కూడా ఏమీ చెప్పలేదు. కొడుకు వీరేందర్ ఎయిర్‌పోర్టు క్యాబు తోలి వచ్చి, ఇద్దరు ఆడవాళ్ళూ ఇంత నెమ్మదిగా ఎందుకున్నారో తెలియక, “కొట్లాడుకున్నరా ఏంది?” అని అడిగాడు. ఇద్దరూ ఒకేసారి లేదన్నారు. కోడలు గోళ్ళ రంగు చూపుడువేలి దగ్గర పెచ్చులూడి ఉంది. భాగ్యమ్మ అది చూసి, చారు ఇంకొంచెం పోసింది.

మరునాడు కంపెనీ వ్యానులో కనీజ్ పథకం చెప్పింది. అబద్ధం ఆడనక్కర్లేదు, మిగతా పనంతా ఉన్నదున్నట్టే నేర్పొచ్చు. తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టమందాం, అంతే. తలుపు నుంచి ముందుకు ఊడ్చుకుంటూ పోతే చెత్తసంచి నిండేసరికి విమానం ముక్కు దగ్గర ఉంటారు. ఆ నిండిన సంచిని తుడిచిన నడవాలోంచే మళ్ళీ వెనక్కి ఈడ్చాలి. కారేది కారుతుంది, రాలేది రాలుతుంది. మళ్ళీ తుడవాలి.

“వాకిలి కాడ మొదలువెట్టి వంటింట్లకు ఊడ్చినట్టు,” అని రేఖ నవ్వింది.

“ఆఁ, గట్లనే. మనం ఉంటమా పోతమా అన్నది గా సంచి చేతిల ఉంది. ఏమంటవ్ భాగ్యక్కా?”

పెద్దది భాగ్యమ్మ. ఆమె మాట లేకుండా ఆ ఇద్దరూ ఏమీ చెయ్యరు. “కానియ్యుండ్రి,” అంది కిటికీ వైపు చూస్తూ.

పాలపిట్ట పంపిన ఇద్దరు హోస్టెస్ పిల్లల్లో ముందుండేది ప్రియదర్శిని. కాకినాడ వైపు పిల్ల. జుట్టు వల పెట్టి ముడేసుకుని, నీలిచీర మీద ఎవరిదో పెద్ద కోటు తొడుక్కుని వచ్చింది. తొడుగులు ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేసుకుంది.

“నమస్కారమండీ ఆంటీ. ఎలా చెయ్యమంటే అలా చేస్తామండీ.”

“మాకు గూడ అండీనా?” అంది కనీజ్. “అరె రేఖా, ఇయ్యాల మనం పెద్దమనుషులమైనం.”

అని, తలుపు దగ్గర వెనక వరుస చూపించి, “ఇక్కడికెళ్ళి షురూ చెయ్యి బిడ్డా,” అంది.

పిల్లలు చెప్పినట్టే చేశారు. మొదటి సీటు జేబులో ప్రియదర్శిని చేతికి తడిసిన కాగితం తగిలింది. ముఖం పక్కకు తిప్పుకుంది, మళ్ళీ తనే చెయ్యి పెట్టి తీసింది. వరుస తర్వాత వరుస, సంచి బరువెక్కుతూ ముక్కు వైపు పోయింది. అక్కడి నుంచి ఇద్దరూ దాన్ని వెనక్కి ఈడుస్తుంటే ఒక సీటు మూలకు తగిలి చిరిగింది. ఎవరో సగం తాగి వదిలేసిన మజ్జిగ నడవా పొడుగునా ధార కట్టింది. అప్పటికే బస్సు వచ్చి మెట్ల దగ్గర ఆగింది. జనం ఎండలో దిగి నిలబడ్డారు. పైలట్ ముందున్న తన గది తలుపులోంచి తల బయటపెట్టి, ఇంగ్లీషులో ఏదో చిన్నమాటే అన్నాడు. ఆ చిన్నమాటకే ప్రియదర్శిని ముఖం ఎర్రబడిపోయింది.

తరువాత ఆ పిల్ల మెట్ల కింద నీడలో నిలబడి ఏడ్చింది. చేతులు మురికివి కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి లేదు. మోచెయ్యి పైకెత్తి భుజానికి ముఖం రాసుకుంటోంది. “ఇంకా పర్మనెంటు కాలేదండీ నేను. రేపు పరీక్షలో తప్పితే పంపించేస్తామన్నారండీ,” అంది. ఎవరితో అన్నదీ తెలియలేదు. కనీజ్ అటు తిరిగి తన తొడుగులు విప్పుకోవడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ అవి ఊడిరాలేదు.

ఆ సాయంత్రం భాగ్యమ్మ ఇల్లు చేరేసరికి శిరీష చాప మీద బోర్లా పడుకుని ఉంది. యూనిఫాం కూడా మార్చుకోలేదు.

“నడుము వట్టేసింది అత్తమ్మా. కుర్చీల సక్కగ కూసోలే, అందుకే.”

భాగ్యమ్మ కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి పక్కన కూచుంది. “యాడ నొస్తుంది?”

శిరీష చెయ్యి వెనక్కి పెట్టి చూపించింది. కుడి వైపు, తుంటికి కొంచెం పైన. భాగ్యమ్మకు ఆ చోటు బాగా తెలుసు. కనీజ్‌కు అక్కడే, రేఖకు అక్కడే, తనకూ అక్కడే. కుర్చీలో కూర్చుంటే వచ్చే నొప్పి కాదది. నూనె పోసి బొటనవేలితో రాసింది. కాసేపు రాసి, వంట సంగతి అడిగినట్టు అడిగింది.

“సంచి ఏ చేతిల వడ్తున్నవ్?”

శిరీష వీపు బిర్రబిగిసింది.

“కుడి చేతిల,” అంది చివరికి.

“ఎడమ చేతిల వట్టు. కుడిది జేబులకు పోవాలె గద.”

అంతే, శిరీష చాపలో ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. “ఊరంత ఫ్లెక్సీ కట్టిరి అత్తమ్మా. నేను జ్యూసులు ఇస్తనని, నమస్తే చెప్తనని అనుకుంటున్నరు. దిగినోళ్ళు దిగినట్టే ఇగ సంచి వట్టుకునుడే. మొన్న ఎవలో పిలగాడు కక్కిండు. అది గూడ నేనే. ఎవలూ నేర్పలే. బండి లేటయితే నన్నే తిడ్తున్నరు. ఈ నెల గిట్లనే ఉంటే ఇంటికి పొమ్మన్నరు.”

“యాడికెళ్ళి మొదలువెడ్తున్నవ్?”

“తలుపు కాడికెళ్ళి.”

భాగ్యమ్మ చెయ్యి ఆగిపోయింది. పొద్దున చూసిన మజ్జిగ ధార కళ్ళముందు కదిలింది. కాసేపటికి నూనెగిన్నె పక్కకు పెట్టి లేచింది.

“లే. వాకిట్ల కుర్చీలున్నయి గద. లే, నువ్వొస్తవా నన్నొచ్చి లేపుమంటవా?”

ఇంటి ముందు కుర్చీలు వరుసలుగా వేసి, మధ్యలో దారి వదిలారు. పాత పేపర్లు, ఉల్లిపొట్టు తెచ్చి భాగ్యమ్మే కుర్చీల్లో చల్లింది. అప్పుడే వచ్చిన వీరేందర్ సంగతి తెలిసి ముందు నోరెళ్ళబెట్టాడు, తరువాత పోయి ఒక కుర్చీలో కాళ్ళు చాపుకుని కూచున్నాడు.

“దిగురా. బండి ఖాళీ చెయ్యాలె.”

“నేను నిద్రవోయిన ప్యాసింజర్ని. గిసుంటోళ్ళను ఎట్ల లేపాల్నో గూడ నేర్పు,” అని గురక మొదలుపెట్టాడు.

“సార్, కడప వచ్చింది సార్,” అంది శిరీష ముక్కు చీదుకుంటూ.

“నేను టికెట్ తీసుకున్నది నాందేడ్‌కు మేడమ్!”

భాగ్యమ్మ చెత్తసంచితో వాడి నెత్తి మీద ఒకటి వేసింది. ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక పని మొదలైంది. ముందు నుంచి తలుపు దాకా. మోకాలు వంచాలి, నడుము కాదు. జేబులోకి వేళ్ళు కాదు, ముందు చూపు పోవాలి. సూదులుంటయ్, బ్లేడ్లుంటయ్. శిరీష మూడోసారికి వరుస తప్పకుండా తలుపు దాకా వచ్చి నిలబడింది. నుదుటి మీద చెమట మోచేత్తో తుడుచుకుంది. సరిగ్గా ప్రియదర్శిని తుడుచుకున్నట్టే, భుజానికి ముఖం రాసి.

“అత్తమ్మా, పాలపిట్టల గూడ గిట్లనే చేస్తరంట గద. మరి నీ కొలువు?”

“నా సంగతి రేపు చూద్దాం.”

“నా అసుంటిదాన్ని చూసే గద నిన్ను తీస్తున్నరు. నేను మానేస్త.”

“నువ్వు మానేస్తే ఇంకో పిల్ల ఎత్తుతది. చెత్త ఎవలికోసరం ఆగదు బిడ్డా. ఇంకోపాలి రా, ముందటికెళ్ళి.”

తెల్లారి వ్యానులో భాగ్యమ్మ ఇద్దరి మధ్యన కూచుంది.

“నాతోని కాదే,” అంది. “ఆ పిల్ల అడిగితే నిజమే చెప్త. తప్పు చెప్పుమంటే నోరొస్తలేదు.”

కనీజ్ దుపట్టా సర్దుకుంది. “నీకేంది భాగ్యక్కా. నీ ఇంట్లకెళ్ళి ఒక జీతం పోతే ఇంకోటొస్తది. ఫ్లెక్సీలు గూడ కడ్తరు. మా ఇంట్ల నా జీతమే పొయ్యి మీదికెక్కుతది. మా ఆయన మొయిజ్ ఆటో పైసలు ఆటోకే సరిపోతయ్. బిడ్డ రిదా ఫీజు నేనే కట్టాలె.”

“నిజమే.”

“నిజమేనంట! కొట్లాడనన్న కొట్లాడదు ఈమె.”

అక్కణ్ణుంచి కనీజ్ భాగ్యమ్మతో మాట్లాడలేదు.

విమానం దిగింది. కడప నుంచి వచ్చింది, సగమే నిండింది. మేనేజరు ఇస్త్రీ చొక్కాలో వచ్చి మెట్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాఘవేందర్ ఆయన వెనక. ఆఖరి మనిషి దిగాక ప్రియదర్శిని, ఆ రెండో పిల్ల మెట్లెక్కబోతూ ఆగారు. ప్రియదర్శిని వెనక్కి తిరిగింది.

“ఆంటీ, ఈ తలుపు దగ్గర నుంచే కదండీ మొదలుపెట్టాలి?”

ముగ్గురు ఆడవాళ్ళూ అక్కడే ఉన్నారు. రేఖ నేల చూసింది. కనీజ్ భాగ్యమ్మ ముఖంలోకి సూటిగా చూసింది. భాగ్యమ్మ కూడా కనీజ్‌నే చూస్తూ చెప్పింది.

“కాదు బిడ్డా. ముందటికెళ్ళి. ముక్కు కాడికి పోయి, తలుపు దాక ఊడ్చుకుంట రాండ్రి. సంచి ఎడమ చేతిల వట్టు.”

రాఘవేందర్ కళ్ళు మూసుకున్నాడు.

పిల్లలు లోపలికి పోయారు. కిటికీల్లోంచి రెండు జుట్టుముడులు ముందుకు పోవడం, వరుస వరుసా వెనక్కి రావడం కనబడుతోంది. దూరంగా టెర్మినల్ దగ్గర బస్సు కదిలింది. అది సగం దూరం రాకముందే ఇద్దరూ సంచి మూతి కట్టుకుని మెట్లు దిగారు. ప్రియదర్శిని రొప్పుతోంది, నవ్వుతోంది.

మేనేజరు తల ఊపి, సరే అనబోయాడు. రాఘవేందర్ ముందుకు వచ్చాడు. “సార్, తొందరగ అయితే అయ్యింది, సాఫ్ అయ్యిందో లేదో చూడాలె గద. మా కనీజ్‌ను పంపుదాం సార్. ఆమె కన్ను చానా చెడ్డది. ఆమె సాఫ్ అంటే సాఫే.”

“సరే, చూడమ్మా. నువ్వెంత చెప్తే అంతే,” అన్నాడు మేనేజరు.

రాఘవేందర్ తెలివి భాగ్యమ్మకు అర్థమైంది, కనీజ్‌కూ అర్థమైంది. ఒక్క వెంట్రుక దొరికినా చాలు, పిల్లలు పరీక్ష తప్పినట్టే. కనీజ్ ఎవరి వైపూ చూడకుండా మెట్లెక్కింది.

బస్సు వచ్చి ఆగింది. తలుపులు ఇంకా తెరవలేదు. ప్రియదర్శిని రెండు చేతులూ పొట్ట దగ్గర ముడిచి పట్టుకుని నిలబడింది, తొడుగులు తీయడం కూడా మరిచింది. కిటికీల వెనక కనీజ్ దుపట్టా ముందు వరుస దాకా పోయి, అక్కణ్ణుంచి నెమ్మదిగా వెనక్కి వస్తోంది. ఒక కిటికీ దగ్గర ఆగింది. వంగింది. దుపట్టా చాలాసేపు మళ్ళీ పైకి కనబడలేదు. తరువాత లేచి, కదిలి, మిగిలిన వరుసలన్నీ దాటుకుంటూ తలుపు దగ్గరికి వచ్చింది.

కనీజ్ ఒక చెయ్యి పని కోటు జేబులో పెట్టుకుని మెట్లు దిగింది.

“ఏమంటావమ్మా?” అన్నాడు మేనేజరు.

రాఘవేందర్ ఆమెనే కన్నార్పకుండా చూస్తున్నాడు. కనీజ్ అతన్ని చూసింది. ప్రియదర్శినిని చూసింది. ఆ పిల్ల చెంప మీద చెత్త మరక ఒకటి అంటుకుని ఉంది.

“సాఫ్ ఉంది సార్,” అంది. “మంచిగ చేసిండ్రు.”

బస్సు తలుపులు తెరుచుకున్నాయి. జనం దిగి మెట్లెక్కారు. తలుపు మూసుకుంది, పంకాలు తిరిగాయి. పాలపిట్ట చెప్పిన వేళకే కదిలి, పక్కనున్న పసుపు విమానాన్ని దాటుకుని పోయింది. మేనేజరు రాఘవేందర్ భుజం తట్టి వెళ్ళిపోయాడు. రాఘవేందర్ కొంతసేపు వాకీటాకీ వైపే చూసి, “వ్యాన్ల కూసోండ్రి,” అన్నాడు. గొంతులో కోపం లేదు. ఏదీ లేదు.

ముగ్గురూ వ్యాను వైపు నడిచారు. ఎండ నేల మీంచి పైకి కొడుతోంది. రేఖ కళ్ళు తుడుచుకుంటోంది. భాగ్యమ్మ కనీజ్ పక్కకు జరిగి, పొద్దుటి నుంచి మొదటిసారి ఆమెతో మాట్లాడింది.

“జేబుల ఏందే అది?”

కనీజ్ చెయ్యి బయటికి తీసింది. అరటితొక్క. నల్లబడి, మెత్తగా నలిగి, వేళ్ళ సందుల్లోంచి వేలాడుతోంది.

“నడిమి వరుస. ఎడమ పక్క, నా వైపే. జేబు అడుగున ఉండె. పిల్ల చూడలే.”

“చెప్పకపోతివి?”

కనీజ్ నడక ఆపి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

“ఏం? నువ్వొక్కదానివే మంచిదాననుకున్నవా?”

అని, పారెయ్యడానికి డబ్బా కోసం చుట్టూ చూసింది. అంత పెద్ద మైదానంలో ఎక్కడా ఒక్కటీ కనబడలేదు. అందరినీ కలిపి ఉర్దూలో ఒక తిట్టు తిట్టి, తొక్కను మళ్ళీ జేబులోనే వేసుకుని, ఆ ఇద్దరికన్నా ముందు నడిచింది.